ఉప్పూ కారం తినే శరీరం

రోషం లేనివాణ్ణి ఎత్తిపొడవవలసి వస్తే "నీవు ఉప్పూ కారం తినడం లేదా?" అని అడుగుతాము. కోపం రావడం సహజమేనని సమర్థించుకోవలసి వస్తే "ఉప్పూ కారం తినే శరీరం గదా!" అంటాము. మేలు చేసినవారిని మరువకపోవడానికి ఉప్పు తిన్న విశ్వాసమని పేరు. గుట్టును చల్లగా చేరవేయడం ఉప్పందించడం. చివరకు సౌందర్యాన్ని చెప్పే లావణ్యశబ్దం కూడా లవణం నుండి పుట్టినదే. వంటింటి వస్తువులలో ఇన్ని గౌరవాలు దక్కినది మరొకటి లేదు. బెల్లానికి లేదు. నేతికి ఉన్నదల్లా బీరకాయలో లేకపోవడమనే కీర్తి మాత్రమే.

ఇక ఉప్పు లేకపోవడానికి మన భాష ఏమి పేరు పెట్టిందో చూడండి. చప్పిడి. సభ రక్తి కట్టకపోతే చప్పగా సాగిందంటాము. మాటలో పస లేకపోతే చప్పని మాట అంటాము. పథ్యం తినే రోగికి పెట్టేది చప్పిడి కూడు. కనుక వైద్యుడు "ఉప్పు తగ్గించండి" అన్నప్పుడు అరవై దాటిన పెద్దమనిషి చెవికి అది వైద్యసలహాగా వినిపించదు. రోషాన్ని, పసను, ఇంటిలో తన స్థానాన్ని వదులుకోమన్నట్లు వినిపిస్తుంది. ఆపైన ఇంటిలో జరిగే ఏర్పాటు మీకు తెలిసినదే. ఆయనకు వేరుగా ఒక చిన్న గిన్నెలో చప్పిడి కూర, చప్పిడి చారు. మిగిలినవారికి యథాప్రకారం. ఆయన ముందు ఆవకాయ జాడీ ఈ చివర నుండి ఆ చివరకు వెళుతుంటుంది. నాలుగు రోజులు ఓర్చుకుంటాడు. అయిదవనాడు "మాత్ర వేసుకుంటున్నాను గదా" అంటాడు. జాడీ ఆయన దగ్గర ఆగుతుంది.

ఈ వేరు గిన్నె ఏర్పాటు తప్పని నా అభిప్రాయం. ఆయనపై జాలితో అంటున్న మాట కాదు. ఉప్పు మన మెదడులో ఏమి చేస్తున్నదో గత పదేళ్ళలో శాస్త్రజ్ఞులు కనిపెట్టిన విషయాలు చదివిన మీదట అంటున్నాను. ఈ విషయం తెలుగులో విపులంగా ఎవరూ చెప్పినట్లు నా దృష్టికి రాలేదు. తెలుగు పండితుడికి వైద్యంతో పనేమిటని మిత్రులు అనవచ్చు. అన్వయం కుదరని వాక్యాన్ని సరిచేయడం మా వృత్తి. రక్తపోటు గురించి మన ఇళ్ళలో చెలామణీ అవుతున్న వాక్యానికి అన్వయం కుదరడం లేదు.

ఆ వాక్యం ఇది. "ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, నీరు పెరిగితే రక్తం పెరుగుతుంది, రక్తం పెరిగితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది." ఇందులో అబద్ధం లేదు. మూత్రపిండాలు అదనపు ఉప్పును, నీటిని ఎంతవరకు బయటకు పంపగలవన్న దానిమీద రక్తపోటు ఆధారపడి ఉంటుందని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ గైటన్ ఏళ్ళ తరబడి నిరూపించిన సిద్ధాంతం నేటికీ నిలిచే ఉన్నది. కాని ఈ కుళాయి గొట్టం ఉపమానాన్నే పూర్తి కథగా నమ్మితే కొన్ని భ్రమలు పుడతాయి. ఆవకాయ తిన్న తరువాత రెండు చెంబుల నీళ్ళు త్రాగితే ఉప్పు కొట్టుకొనిపోతుందన్నది ఒకటి. నా మూత్రపిండాలు బాగున్నాయి కనుక నాకేమీ కాదన్నది ఇంకొకటి. ఈ రెండూ గొట్టాన్ని చూసినవే గాని, గొట్టానికి తాళం వేసేదీ తీసేదీ ఎవరన్నది చూసినవి కావు.

ఇంకొక భ్రమ కూడా ఉన్నది. అది భాష తెచ్చిపెట్టినది. ఈ తరంవారి నోట బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించకు" అంటారు. పోటు అన్న మన మాట ఇంతకంటె మేలైనది. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్లే నెత్తురుకూ పోటు అన్నాము. ఆ సముద్రమూ ఉప్పుదే గదా. కాని బీపీ అన్న పొట్టిమాట వచ్చి ఇది కోపిష్ఠివారి జబ్బనీ, టెన్షన్ పడేవారి జబ్బనీ, నెమ్మదస్తులకు రాదనీ జనం నమ్మేటట్లు చేసింది. ఎన్నడూ గొంతు పెంచి ఎరుగని ఇల్లాలికి 170 చూపితే "ఈమెకెందుకొచ్చింది?" అని ఆశ్చర్యపోతారు. ఆమె వడ్డించే పప్పులో, తాను తినే ఊరగాయలో వెదకరు. తమాషా ఏమిటంటే, ఇందులో మెదడు ప్రమేయం ఉన్నమాట నిజమే. అయితే అది కోపం గుండా రాలేదు, ఉప్పు గుండా వచ్చింది.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగమున్నది. మన వాచకాలలో దీనిని అధోపర్యంకం అన్నారు. ఆకలి, దప్పిక, శరీరపు వేడి వంటివాటిని కనిపెట్టి ఉండేది ఇదే. దీనిలోని కొన్ని నాడీకణాలు వాసోప్రెసిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, పీయూష గ్రంథి వెనుకభాగం ద్వారా రక్తంలోకి వదులుతాయి. పీయూష గ్రంథి నుండి తీసిన సారాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతున్నదని ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు 1895లోనే గమనించారు. రక్తనాళాలను నొక్కేదన్న అర్థంలోనే ఈ పేరు వచ్చింది. కేవలం తొమ్మిది ఆమినో ఆమ్లాల గొలుసు ఇది. దీనినీ, దీని తోబుట్టువు ఆక్సిటోసిన్‌నూ ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. వాసోప్రెసిన్ రెండు పనులు చేస్తుంది. మూత్రపిండాలకు "నీటిని పోనీయవద్దు, వెనక్కు తీసుకోండి" అని కబురు పంపుతుంది. మోతాదు పెరిగినప్పుడు రక్తనాళాలను బిగిస్తుంది.

ఈ కణాలకు కబురు అందేది ఎలా? రక్తంలో ఉప్పు సాంద్రత కొంచెం పెరిగినా పసిగట్టే గ్రాహకాలు మెదడులో ఉండి తీరాలని 1947లో ఎర్నెస్ట్ వెర్నీ కుక్కలపై చేసిన ప్రయోగాలతో వాదించాడు. అవి ఉన్నాయని తరువాత తేలింది. చుట్టూ ఉన్న ద్రవంలో ఉప్పు పెరిగితే కణంలోని నీరు బయటకు లాగబడి కణం ముడుచుకుంటుంది. ముడుచుకోవడమే దానికి సంజ్ఞ. ఉప్పు చల్లిన వంకాయ ముక్కలు నీరు వదలి వాడిపోవడం చూడని గృహిణి ఉండదు. అదే పని మన తలలో క్షణక్షణం జరుగుతూ, దప్పికగానూ వాసోప్రెసిన్‌గానూ మారుతున్నది.

ఇప్పుడు రెండు చెంబుల నీళ్ళ సంగతి చూడండి. ఉప్పు తిన్నవెంటనే దప్పిక వేసి నీళ్ళు త్రాగుతాము. సరిగ్గా ఆ సమయంలోనే వాసోప్రెసిన్ మూత్రపిండాలకు ఆ నీటిని వదలవద్దని చెబుతూ ఉంటుంది. కడిగివేస్తుందనుకున్న నీరు లోపలే నిలుస్తుంది. ఆరోగ్యవంతుని దేహం ఆ ఉప్పును, నీటిని మెల్లగా తరువాత బయటకు పంపుతుందన్నది నిజమే. కాని మూడుపూటలా ఉప్పు వచ్చి పడుతుంటే ఆ తరువాత అన్నది ఎప్పుడు?

అసలు విషయం ఇక్కడ ఉన్నది. రక్తపోటు పెరిగినప్పుడు ఈ కణాలను ఆపే ఏర్పాటు ఒకటి ప్రకృతే పెట్టింది. మెడలోని ధమనిలోను, గుండె నుండి వెలువడే మహాధమని వంపులోను ఒత్తిడిని కొలిచే నాడీ అగ్రాలుంటాయి. ఒత్తిడి పెరగగానే అవి మెదడుకు తెలుపుతాయి. అక్కడి నుండి గాబా అనే రసాయనం రూపంలో వాసోప్రెసిన్ కణాలకు "ఇక చాలు, ఆగండి" అన్న ఆజ్ఞ వెళుతుంది. బండికి బ్రేకు వంటిది. కాని గాబా అన్నది తనంత తానుగా ఆపగలిగేది కాదు. కణం లోపల క్లోరైడ్ తక్కువగా ఉంటేనే దాని ఆజ్ఞ ఆపుదలగా పనిచేస్తుంది. లోపలి క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటకు తోడిపోసే ఒక ప్రోటీన్ తోడుబిళ్ళలా కణపు పొరలో ఉంటుంది. కేసీసీ2 అని దాని పేరు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ బోర్క్ బృందం 2015లో న్యూరాన్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ తోడుబిళ్ళను గురించినదే. ఎక్కువ ఉప్పు అందుతూ వచ్చిన ఎలుకలలో బీడీఎన్ఎఫ్ అనే మరొక పదార్థం ఈ వాసోప్రెసిన్ కణాలపై పనిచేసి కేసీసీ2ను తగ్గించివేసింది. తోడేవారు తగ్గారు. లోపల క్లోరైడ్ పేరుకుంది. అప్పుడు మెడలోని నాడి "ఆగు" అని పంపిన ఆజ్ఞ కణానికి ఆపుదలగా అందడం మానివేసింది. ఎలుకల రక్తపోటు పెరిగింది.

నేను దీనిని చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఉప్పు చేసింది గొట్టంలో నీరు నింపడం మాత్రమే కాదు. ఇల్లు నిండిపోతున్నదని అరిచే కావలివాని మాట ఇంటియజమానికి వినబడకుండా చేసింది. వ్యాకరణంలో నఞర్థకం లోపిస్తే నిషేధం విధిగా మారిపోతుంది. "చేయకు" అన్నది "చేయు" అవుతుంది. అక్షరాలా అటువంటిదే ఇది.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జేవియర్ స్టెర్న్ బృందం 2021లో మరొక వింత చూపింది. మెదడులో పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా ప్రవహించడం సాధారణ నియమం. ఈ కణాల దగ్గర మాత్రం ఉప్పు ప్రభావంతో రక్తనాళాలు కుంచించుకొనిపోయి, ప్రాణవాయువు తగ్గి, ఆ కొరతే కణాలను మరింత ఉద్రేకపరుస్తున్నదట. ఒక నిప్పు తనంత తానే ఇంధనం వెదుక్కుంటున్నట్లు.

ఆపైన 2025లో మెక్‌గిల్ నుండే మాషా ప్రేజర్-ఖుతోర్స్కీ బృందం మరొక అడుగు వేసింది. నాడీకణాల మధ్య జిగురులా ఉంటాయని పూర్వులు భావించి, ఆ అర్థంలోనే పేరు పెట్టిన కణాలున్నాయి. వాటిలో నక్షత్రాకారంలో చేతులు చాచి ఉండేవి ఒక రకం. నాడీకణాల చుట్టూ చేతులు కప్పి, వాటి మధ్య మిగిలిపోయే ఉద్దీపక రసాయనాన్ని పీల్చివేసి శుభ్రం చేయడం వాటి పని. రోగక్రిములను, చెత్తను ఏరివేసే చిన్న కావలి కణాలు మరొక రకం. 2 శాతం ఉప్పు కలిపిన నీటిని ఎలుకలకు త్రాగించగా, ఈ కావలి కణాలు వాసోప్రెసిన్ కణాల చుట్టూ మూగి నక్షత్రకణాల చేతులను కత్తిరించివేశాయి. శుభ్రం చేసే చేతులు పోగా ఉద్దీపకం పేరుకుంది. వాసోప్రెసిన్ కణాలు ఆగకుండా కేకలు వేశాయి. ఆ కత్తిరింపును అడ్డుకున్నప్పుడు రక్తపోటు పెరుగుదల తగ్గింది. ఉప్పును, నీటిని నిభాయించడంలో చిట్టెలుకల కంటె పెద్ద ఎలుకలు మనుష్యులకు దగ్గరివి కనుక వాటినే ఎంచుకున్నారు.

ఎలుకలే గదా అనవచ్చు. అనాలి కూడా. ఎలుకలో కనిపించినదంతా మనిషిలో జరుగుతుందని చెప్పడం తర్కం కాదు. మనుష్యులందరికీ ఉప్పు ఒకే విధంగా పోటెత్తించదు. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. కాని ఉప్పు తగ్గిస్తే మనుష్యుల రక్తపోటు తగ్గుతుందన్నది ఎలుకలపై ఆధారపడిన మాట కాదు, మనుష్యులపైనే పలుమార్లు రుజువైనది. ఎలుకలు చెబుతున్నది ఆ తగ్గుదల వెనుక మెదడు కూడా ఉండవచ్చునని. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. పై ప్రయోగాలలోని ఎలుకలు మొదట రోగులు కావు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మెదడులో ఉప్పు అందిన తరువాతనే ఈ మార్పులు వచ్చాయి. మన వేరు గిన్నె ఏర్పాటు దీనికి విరుద్ధమైన తర్కంపై నడుస్తున్నది. ముందు రోగం రావాలి, ఆపైన ఉప్పు తగ్గాలి. బల్లకు ఆ చివర కూర్చున్న పదేళ్ళ మనుమడు తాతగారి జబ్బుకు తనకేమీ సంబంధం లేనట్లు ఊరమిరపకాయ నంజుకుంటూ ఉంటాడు.

లెక్కలు చెప్పకపోతే ఇదంతా ఉపన్యాసంగా మిగిలిపోతుంది. రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. టీచెంచాకు కొంచెం తక్కువ. లోకం మొత్తం మీద సగటు వాడకం 10.8 గ్రాములని ఆ సంస్థే 2023లో తేల్చింది. 2017లో వెలువడిన ఒక పరిశీలనలో ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని పరీక్షించి లెక్క కట్టగా ఢిల్లీ, హర్యానాలలో సగటు 8.59 గ్రాములు, ఆంధ్రప్రదేశ్‌లో 9.46 గ్రాములు వచ్చింది. ఈ పోటీలో మనమే గెలిచాము. ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం దేశంలో ఇరవై ఏళ్ళు నిండినవారిలో 35.5 శాతం మందికి రక్తపోటున్నది. పక్షవాతానికి అన్నిటికంటె పెద్ద కారణం ఇదే. మూతి వంకరపోయి, మాట పడిపోయిన మనిషిని చూసినవారికి ఈ అంకెలను వివరించనక్కరలేదు.

పాశ్చాత్యుల ఉప్పు చాలావరకు కార్ఖానాలో పడుతుంది, రొట్టెలో, డబ్బా ఆహారంలో. కనుక బ్రిటనులో కార్ఖానాలవారి చేతనే రొట్టెలో ఉప్పును ఏటేటా కొంచెం కొంచెంగా తగ్గింపజేశారు. 2003లో 9.5 గ్రాములున్న సగటు 2011 నాటికి 8.1కి దిగింది. తినేవారికి తేడా తెలియలేదు. మన ఉప్పు ఇంకా చాలావరకు ఇంటిలోనే, మన చేతితోనే పడుతున్నది. ఇది మన అదృష్టమని నేననుకుంటాను. ప్రభుత్వం కోసం, కార్ఖానా కోసం వేచి ఉండనక్కరలేదు. పోపులపెట్టె పక్కనున్న చేయి ఒక్కటి చాలు. నాలుక మొండిది కాదు. మెల్లగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాలలో పాత రుచే ఉప్పగా తోస్తుంది. అయితే ఆ తగ్గింపు అందరి గిన్నెలోనూ జరగాలి. తాతగారి గిన్నెలో ఒక్కసారిగా సున్నాకు దించి, మిగిలినవారి గిన్నె ముట్టుకోకపోతే, అది వైద్యం కాదు, వెలి.

ఆవకాయను ఏమి చేయమంటారని అడగబోతున్నారని తెలుసు. ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమపాళ్ళలో పడే వస్తువు అది. ఆ ఉప్పును తగ్గిస్తే కాయ నిలవ ఉండదు, బూజు పడుతుంది. కనుక ఆవకాయలో ఉప్పు తగ్గించమనను, ఆవకాయనే తగ్గించమంటాను. నంజుకోవడానికి పుట్టినదాన్ని కలుపుకొని ముద్దలు తినడం మనం తెచ్చిపెట్టుకున్న అలవాటు. ఆవకాయ పెట్టిన రోజున కొత్త ఆవకాయ కలిపిన అన్నం ఒక ముద్ద తినవద్దని మాత్రం నేను చెప్పలేను. అటువంటి సలహా ఇచ్చినవాని మాట ఎవరు వింటారు? అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, బజ్జీల పిండిలో వేసే తినేసోడా కూడా ఈ లెక్కలోనివే. సోడాలో ఉన్నదీ సోడియమే. దూరదేశాలలోని పిల్లలకు కిలోల లెక్కన ఊరగాయలు కట్టి పంపే తల్లులకు ఈ మాట రుచించదని తెలుసు. వారు పంపుతున్నది ఉప్పు కాదు, ప్రేమ. కాని మూత్రపిండాలకు ఆ భేదం తెలియదు.

ఇక సైంధవలవణం. ఇది పండితుల పరిధిలోని విషయం కనుక కొంచెం స్వేచ్ఛగా మాట్లాడతాను. సైంధవమంటే సింధుదేశపు గుర్రమూ అవుతుంది, సింధుదేశపు ఉప్పూ అవుతుంది. సైంధవం తెమ్మన్నప్పుడు భోజనవేళ అయితే ఉప్పు తేవాలి, ప్రయాణవేళ అయితే గుర్రం తేవాలి అని అర్థనిర్ణయానికి ప్రకరణం ఎంత ముఖ్యమో చెప్పే పాఠం మా విద్యార్థిదశలో అందరమూ చదివినదే. నేడు ఆ సైంధవాన్ని రక్తపోటుకు మందుగా అమ్ముతున్నారు. గులాబీరంగు పలుకులు, అందమైన సీసా. రంగు ఏదైనా అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఆయుర్వేదం దానిని మిగిలిన లవణాలకంటె మేలన్నదంటే, గుప్పెళ్ళతో తినమన్నట్లు కాదు. ఇక్కడ కూడా ప్రకరణం చూసుకోవాలి.

నిజంగా మేలు చేసే మార్పిడి ఉప్పు వేరే ఉన్నది. చైనాలో 600 గ్రామాలలో దాదాపు 21,000 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి రక్తపోటు ఉన్నవారు వారు. సగం గ్రామాలవారికి నాలుగింట ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. వారిలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పొటాషియాన్ని నిలిపే మాత్రలు వాడేవారికి ఇది ప్రమాదం. వైద్యుని అడగకుండా కొనకూడదు. వాడుతున్న మాత్రలనూ ఆయనను అడగకుండా మానకూడదు. సాధారణంగా వ్రాసే రక్తపోటు మాత్రలు రక్తనాళాలను సడలించేవి, మూత్రపిండాలపైన, గుండెపైన పనిచేసేవి. వాసోప్రెసిన్‌ను ఆపేవి కావు. మాత్ర వేసుకుంటున్నాను గదా అనే పెద్దమనిషికి నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఉప్పును చేతికి అందిస్తే తగవులు వస్తాయని మన ఆడవారు ఇప్పటికీ పళ్ళెం అంచున పెడతారు. విస్తరి మూలన చిటికెడు ఉప్పు వడ్డించే పద్ధతి కూడా ఉన్నది. మూఢనమ్మకమో ఏమో గాని, ఆ మూలన ఉన్న చిటికెడు నాకు నచ్చుతుంది. వంటలో అందరికీ తక్కువ వేసి, కావలసినవారు మూల నుండి తీసుకొమ్మంటే, ఎంత తీసుకున్నదీ కంటికి కనబడుతుంది. మనుమడికీ కనబడుతుంది, తాతగారికీ కనబడుతుంది.

చివరగా పదాల విషయంలో మిత్రుల సాయం కావాలి. ఆస్ట్రోసైట్ అన్నదానికి నేను పైన నక్షత్రకణమని వ్రాశాను. తారాకణం అంటే ఇంకా తేలికగా ఉంటుందేమో. మైక్రోగ్లియాకు కావలి కణమన్నది పనిని బట్టి పెట్టినదే గాని పేరును బట్టి కాదు. చిరుజిగురు కణమంటే పేరుకు దగ్గరగా ఉంటుంది, కాని అర్థం కాదు. వాసోప్రెసిన్‌కు నాళపీడకమని మొదట వ్రాసి, అది గ్రహదోషంలా వినబడుతున్నదని కొట్టివేశాను. వైద్యులైనవారు, భాష తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. ఇంతకంటె మంచి మాటలు తోస్తే వ్యాఖ్యలలో వ్రాయండి, టపాలో మార్చుకుంటాను.